పాత కారు: కొనే ధర ఒకటి, నడిపే ఖరీదు మరొకటి

చేతులు మారిన చిన్న పెట్రోలు కారు మధ్యతరగతి కుటుంబానికి వరమా, భారమా? సమాధానం కారు బానెట్టు కింద సగమే దొరుకుతుంది. మిగతా సగం కొనేవాడి పద్దుల పుస్తకంలో ఉన్నది.

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీవాసుల బజారు పనులన్నీ గోల్‌బజార్‌లోనే తెములుతాయి. గోల్ అంటే గుండ్రం. ఒక దుకాణం ముందు బెంగాలీ, పక్క దుకాణం ముందు హిందీ, ఆ పక్కన అచ్చమైన ఉత్తరాంధ్ర యాసలో తెలుగు వినిపిస్తాయి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షనూ, వర్క్‌షాపూ కట్టిన నాటినుంచి శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలవారు కూలికీ, కొలువుకూ ఇక్కడకు వచ్చి స్థిరపడ్డారు. వారి మనుమలూ, మునిమనుమలూ నేటికీ ఇక్కడే ఉన్నారు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాలపు కోరికే ప్రధాన కారణం.

అటువంటి కుటుంబాన్ని ఒకదానిని ఊహించుకుందాం. తండ్రి వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ చేశాడు. ఇంట్లో డెబ్బై తొమ్మిదేళ్ళ తల్లి ఉన్నది, ఆమెకు ఉబ్బసం. చలికాలపు రాత్రి ఊపిరి అందకపోతే ఆసుపత్రికి తీసుకుపోవడానికి ఆటో దొరకదు. చేతికి వచ్చిన సొమ్ములో లక్షన్నర తీసి పన్నెండేళ్ళ నాటి చిన్న కారు కొందామని కొడుకు పట్టుబడుతున్నాడు.

“లీటరుకు ఇరవై ఇస్తుందట, నాన్నా!”

“ఇస్తుంది సరే, రాత్రి రెండింటికి స్టార్టవుతుందా?”

తండ్రి వేసిన ఆ ప్రశ్నే అసలైనది. పాత కారు కొనే కుటుంబం కొంటున్నది ఇనుమును కాదు, నమ్మకాన్ని. ఆ నమ్మకం ఎంత, దాని ఖరీదు ఎంత అన్నది తేల్చుకోకుండా లక్షన్నర చేతులు మారితే అటు డబ్బూ పోతుంది, ఇటు అవసరమూ తీరదు.

నిమ్మకాయల బజారు

మన తాతలు ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టేవారు, సుడులు చూసేవారు, కాడి కట్టి నాలుగడుగులు నడిపించేవారు. అమ్మేవాడికి తెలిసిన లోపం కొనేవాడికి తెలియదన్నది వారికి అనుభవంమీద తెలిసిన సత్యం. అమెరికన్ ఆర్థికవేత్త జార్జ్ ఏకర్లాఫ్ 1970లో ఈ సత్యంమీదనే ఒక వ్యాసం ప్రకటించాడు. అంతకు ముందు మూడు పత్రికలు దానిని తిప్పిపంపినవి. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన కృషికి ఆ వ్యాసమే పునాది. అందులో ఆయన తీసుకున్న ఉదాహరణ పాత కార్ల బజారు. నాసి కారును అమెరికన్లు వాడుకలో ‘నిమ్మకాయ’ అంటారు.

ఆయన వాదం ఇది: కొనేవాడికి మంచి కారేదో, చెడ్డ కారేదో తెలియనప్పుడు రెండింటికీ సగటు ధరే ఇస్తాడు. ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడు, ఇంట్లోనే ఉంచుకుంటాడు. నాసి కారున్నవాడు సంతోషంగా అమ్ముతాడు. క్రమంగా బజారులో నిమ్మకాయలే మిగులుతాయి. దీనికి విరుగుడు, అమ్మేవాడికి తెలిసినదంతా వీలైనంతవరకు కొనేవాడు కూడా తెలుసుకోవడమే. అందుచేతనే, అయిదేళ్ళుగా ఎరిగిన పొరుగింటివాడి కారుకు, సర్వీసు బిల్లులు దాచి ఉంచిన కారుకు, బజారు ధరకంటే పదివేలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు. ఆ పదివేలూ సమాచారానికి ఇచ్చిన వెల.

ఏ కారు నమ్మదగినది?

1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 యజమాని చేతికి ఇందిరాగాంధీ తాళం చెవులు అందించారు. 796 సీసీల ఇంజను, మూడు సిలిండర్లు. 2014 జనవరిలో ఉత్పత్తి నిలిచేనాటికి మన దేశంలోనే పాతిక లక్షలకు పైగా అమ్ముడయినవి. 2000లో వచ్చిన ఆల్టో, 2012లో వచ్చిన ఆల్టో 800 ఆ వరుసలోనివే. 2023లో ఆల్టో 800 ఉత్పత్తి కూడా ఆగిపోయింది.

తయారీ ఆగిన కారును కొనవచ్చునా అన్నది చాలామందికి కలిగే సందేహం. ఆ సందేహానికి పశ్చిమ బెంగాల్‌లోనే ఒక ఉదాహరణ ఉన్నది. హుగ్లీ జిల్లా సింగూరులో తయారు కావలసిన టాటా నానో, భూవివాదం కారణంగా 2008 అక్టోబరులో గుజరాత్‌లోని సాణంద్‌కు తరలిపోయింది. 624 సీసీల ఆ రెండు సిలిండర్ల కారు 2009లో అమ్మకానికి వచ్చి, 2018లో ఉత్పత్తి ఆగిపోయింది. మారుతి 800 కూడా ఆగిపోయినదే. అయినా రెండింటి పాత బజారూ ఒకటి కాదు. లక్షల సంఖ్యలో తిరిగిన కారుకు తయారీ ఆగినా ప్రతి ఊళ్ళోనూ దాని గుట్టు తెలిసిన మేస్త్రీ ఉంటాడు. ప్రతి విడిభాగాల దుకాణంలోనూ దాని క్లచ్చిప్లేటు, దాని వాటర్‌పంపు దొరుకుతాయి. రెండు కోట్లకు పైగా తయారై, 2003లో మెక్సికోలో చివరిది బయటికి వచ్చిన వోక్స్‌వ్యాగన్ బీటిల్ కూడా ప్రపంచంలో ఎక్కడో ఒకచోట నేటికీ తిరుగుతూనే ఉన్నదంటే కారణం ఇదే.

ఎన్నడూ ఆగని కారంటూ లోకంలో లేదు. ఆగినచోట బాగుచేసే మనిషి, మార్చడానికి భాగం దొరికే కారే నమ్మకమైన కారు. కాబట్టి కారును చూడకముందే ఊళ్ళోని మేస్త్రీని అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: “నీ దగ్గరకు ఏ కార్లు ఎక్కువగా వస్తాయి? వాటి సామాను సాయంత్రానికి తేగలవా?”

చల్లని ఇంజను నిజం చెబుతుంది

కారు చూడడానికి తెల్లవారుజామున వెళ్ళడం మంచిది. తాము వచ్చేదాకా స్టార్టు చేయవద్దని ముందే చెప్పాలి. వేడెక్కిన ఇంజను తన రోగాన్ని దాచుకుంటుంది. చల్లని ఇంజను దాచుకోలేదు.

మొదట రేడియేటరు మూత తీయాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే ఈ పని చేయాలి. వేడిమీద తీస్తే మరిగే నీరు ముఖంమీదకు చిమ్ముతుంది. లోపల కూలెంటు రంగు స్వచ్ఛంగా ఉండాలి. తుప్పునీరు కనిపిస్తే, ఏళ్ళ తరబడి కుళాయినీటితో నడిపారని అర్థం. ఆయిలు పోసే మూత కింద మజ్జిగ వంటి తెల్లని జిడ్డు దండిగా ఉంటే నీరూ ఆయిలూ కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. చిన్న ఇంజనులో సిలిండర్ హెడ్డు అల్యూమినియంది. ఒక్కసారి అతిగా వేడెక్కితే అది వంకరపోతుంది, గ్యాస్కెట్టు కాలిపోతుంది. పాత చిన్న కార్లను మూలపెట్టే పెద్ద జబ్బు ఇదే. దానికి మొదటి కారణం తరచుగా కారిపోయే గొట్టమో, పనిచేయని ఫ్యానో మాత్రమే.

తరువాత స్టార్టు చేసి వెనుకకు పోయి పొగ చూడాలి. నీలిపొగ ఆయిలు మండుతున్నదని చెబుతుంది. నల్లపొగ పెట్రోలు ఎక్కువగా పడుతున్నదని చెబుతుంది. చలిలో మొదట కనిపించే పలుచని తెల్లపొగ సహజమే. ఇంజను వేడెక్కిన తరువాత కూడా అది ఆగకపోతే కూలెంటు మండుతున్నట్టు లెక్క. మేస్త్రీచేత మూడు సిలిండర్ల కంప్రెషనూ కొలిపించడం ఇంకా మంచిది. మూడూ దగ్గరదగ్గరగా ఉంటే ఇంజనుకు ఆయుష్షున్నదని నమ్మవచ్చు.

టైమింగు బెల్టు ఎప్పుడు మార్చారో అడగాలి. రబ్బరు బెల్టు తెగేముందు హెచ్చరించదు. తెగితే ఇంజను అక్కడికక్కడే ఆగిపోతుంది. కొన్ని ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. బిల్లు చూపలేకపోతే మార్చలేదనే అనుకొని, ఆ ఖర్చును ధరలోనుంచి తగ్గించమనాలి.

మీటరుమీది అంకెను చూసి మోసపోరాదు. దానిని వెనుకకు తిప్పడం పాత విద్యే. అంకెలు డిజిటల్ అయినంతమాత్రాన ఆ విద్య అంతరించలేదు. నలభైవేలే తిరిగిందని చెప్పిన కారులో క్లచ్చి పెడలు రబ్బరు అరిగి నున్నబడితే, నమ్మవలసినది పెడలునే. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలలో మొదటి రెండూ వారాన్ని, తరువాతి రెండూ సంవత్సరాన్ని సూచిస్తాయి. ‘2319’ అని ఉంటే ఆ టైరు 2019వ సంవత్సరం ఇరవై మూడో వారంలో తయారైనది. గీతలు లోతుగా ఉన్నా, రబ్బరుకు వయసు మీరితే టైరు మార్చవలసిందే.

చివరగా కాళ్ళకింద పరచిన మ్యాటు ఎత్తి చూడాలి. తేమ ఎక్కువగా ఉన్న ఊళ్ళలో, విశాఖవంటి ఉప్పుగాలి ఊళ్ళలో, తుప్పు కిందినుంచి మొదలవుతుంది. ఇంకో ప్రమాదం వరద నీరు. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో విజయవాడలో వేలాది వాహనాలు నీట మునిగినవి. మునిగిన కారుకు రంగు వేసి దూరపు ఊళ్ళో అమ్మడం కష్టమైన పని కాదు. సీటుబెల్టును చివరిదాకా లాగితే బురద గీత కనిపించవచ్చు. సీటు కింది మేకులకు తుప్పు, డిక్కీలో స్టెప్నీ గుంతలో ఒండ్రు, లోపల ముక్కవాసన, ఇవన్నీ ఆ నీటి సాక్ష్యాలే.

కిలోమీటరు ఖరీదు

“ఎంత ఇస్తుంది?” అన్నది మన దేశంలో కారు గురించి అడిగే మొదటి ప్రశ్న, తరచు చివరి ప్రశ్న కూడా. 2012 నాటి ఆల్టో 800కు ప్రకటించిన మైలేజీ లీటరుకు 22.74 కిలోమీటర్లు. అది పరీక్షశాల లెక్క. పన్నెండేళ్ళు నడిచిన కారు ఊరి వీధుల్లో 15 ఇస్తే సరిపెట్టుకోవాలి. మన ఫిట్టరు కుటుంబం ఏడాదికి 6,000 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. లీటరు పెట్రోలు 105 రూపాయలనుకుందాం. అయిదేళ్ళ తరువాత కారును 70,000కు అమ్ముతారనుకుందాం. ధరలు ఊరికీ ఏటికీ మారుతాయి గనుక కింది అంకెలు మాదిరి మాత్రమే. పాఠకులు తమ అంకెలు వేసుకోవచ్చు.

పెట్రోలు, 400 లీటర్లు: 42,000
బీమా: 5,000
రెండు సర్వీసులు: 6,000
టైర్లు, బ్యాటరీల కోసం ఏటా తీసిపెట్టవలసినది: 3,400
అనుకోని మరమ్మతుల నిధి: 10,000
రిజిస్ట్రేషను పునరుద్ధరణకు ఏటా వంతు: 1,500
కారు విలువలో తరుగు: 16,000
లక్షన్నరమీద పోయిన వడ్డీ, 7 శాతం చొప్పున: 10,500

మొత్తం 94,400 రూపాయలు. కిలోమీటరుకు దాదాపు 15 రూపాయల 73 పైసలు. ఇందులో పెట్రోలు వాటా సగం కూడా లేదు. ‘ఏనుగును కొని అంకుశానికి వెనుకాడినట్టు’ అన్న సామెత ఇక్కడ సరిపోతుంది. లీటరుకు 15 ఇచ్చే కారుకు బదులు 18 ఇచ్చే కారు దొరికితే ఏడాదికి మిగిలేది 7,000. కూలెంటు మార్చక హెడ్డు వంకరపోతే ఆ మిగులు ఒక్క మరమ్మతులోనే హరించుకుపోతుంది.

ఈ లెక్కలో ఇంకొక పాఠం ఉన్నది. కుటుంబం 6,000 కాక 3,000 కిలోమీటర్లే తిరిగితే పెట్రోలు ఖర్చు సగమవుతుంది; బీమా, తరుగు, వడ్డీ తగ్గవు. మిగిలినవన్నీ అలాగే ఉన్నాయనుకుంటే మొత్తం 73,400. కిలోమీటరుకు దాదాపు 24 రూపాయల 50 పైసలు. అంతకంటే అద్దె కారు చౌక కావచ్చు. పైగా కదలని కారు పాడవుతుంది. బ్యాటరీ దిగిపోతుంది, బ్రేకులు పట్టేస్తాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. రాత్రి రెండింటికి స్టార్టు కావలసిన కారును వారానికి రెండుసార్లయినా పది కిలోమీటర్లు తిప్పుతూ ఉండాలి.

ఇరవై శాతం ఇథనాల్

పాత కార్ల యజమానులను ఇటీవల కలవరపెట్టిన విషయం పెట్రోలులో ఇథనాల్. 2030కి చేరాలనుకున్న 20 శాతం లక్ష్యాన్ని దేశం 2025లోనే చేరింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు శక్తికంటే దాదాపు మూడో వంతు తక్కువ. కాబట్టి మైలేజీ కొంత తగ్గడం సహజం. పాత ప్రమాణాల నాలుగు చక్రాల వాహనాలలో ఈ తగ్గుదల 6 నుంచి 7 శాతం వరకు ఉండవచ్చునని నీతి ఆయోగ్ 2021 నాటి నివేదిక పేర్కొన్నది. మన లెక్కలో పెట్టిన 15 కిలోమీటర్లలో ఈ తగ్గుదల కూడా చేరి ఉన్నది.

ఇంతకంటే గమనించవలసినది రబ్బరు భాగాల సంగతి. 2023 ఏప్రిల్ నుంచి వస్తున్న కార్లలోని గొట్టాలు, సీళ్ళు ఈ మిశ్రమాన్ని తట్టుకునేవి. అంతకు ముందటి కార్లలో కొన్ని రబ్బరు గొట్టాలు, గ్యాస్కెట్లు త్వరగా పాడయ్యే అవకాశం ఉన్నది. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది. పాత కారు కొన్నవారు మొదటి సర్వీసులోనే పెట్రోలు గొట్టాలు తనిఖీ చేయించి, పగుళ్ళున్నవి మార్పించుకోవాలి. టాంకు అడుగంటిన కారును నెలల తరబడి నిలిపి ఉంచరాదు.

కాగితాల బరువు

ఇంజను బాగుండి కాగితాలు బాగుండకపోతే కారు బాగుండనట్టే. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు రిజిస్ట్రేషను పత్రంతో అక్షరం అక్షరం పోల్చాలి. అప్పు తీరిన కారుకు ఫారం 35 ద్వారా తాకట్టు రద్దు అయి ఉండాలి. అమ్మకానికి ఫారాలు 29, 30 కావాలి. శ్రీకాకుళంలోని బంధువు కారును ఖరగ్‌పూర్‌కు తెచ్చుకోవాలన్నా, ఇక్కడి కారును అక్కడికి పంపాలన్నా, ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం అవసరం. కొత్త రాష్ట్రంలో పన్ను కూడా కట్టవలసి ఉంటుంది.

సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు చెల్లుతుంది. ఆపైన అయిదేసి సంవత్సరాలకు పునరుద్ధరించుకోవాలి. 600 రూపాయలుగా ఉన్న ఆ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. వెయ్యి సీసీలు మించని కారుకు థర్డ్ పార్టీ బీమా ప్రీమియం 2022 జూన్ నుంచి 2,094 రూపాయలు, పన్ను అదనం. పదిహేనేళ్ళకు చేరువైన కారు చౌకగా దొరికితే, ఆ చౌకదనానికి కారణం తరచు ఇదే.

అమ్మేవారికి కూడా ఒక హెచ్చరిక. డబ్బు చేతికి వచ్చినంతమాత్రాన బాధ్యత తీరదు. పేరు మార్పు జరగని కారు ప్రమాదానికి కారణమైతే, నష్టపరిహారానికి రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. కారు నాలుగు చేతులు మారి ఉన్నా, మొదటి యజమాని గుమ్మం ముందుకే నోటీసు రావచ్చు.

బండి ఎవరి కోసం?

మన ఫిట్టరు కొడుకు మనసులో ఇంకో కోరిక ఉన్నది. కోల్‌కతానుంచి చెన్నైకి పోయే 16వ నంబరు జాతీయ రహదారి ఖరగ్‌పూర్ మీదుగానే వెళ్తుంది. సంక్రాంతికి నాయనమ్మను కూర్చోబెట్టుకొని, దాదాపు 650 కిలోమీటర్ల దూరంలోని శ్రీకాకుళానికి ఆ కారులోనే పోవాలని అతని కోరిక. ఇక్కడ తండ్రి మాట వినవలసి ఉన్నది. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశపు అయిదు చిన్న కార్లను ఎయిర్‌బ్యాగులు లేని రూపంలో గోడకు కొట్టి పరీక్షిస్తే, పెద్దల రక్షణలో అయిదింటికీ సున్నా నక్షత్రాలే వచ్చినవి. డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జూలై నుంచి కొత్త కార్లకు, పక్క సీటుది 2021 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్ళకు తప్పనిసరి అయినవి. పన్నెండేళ్ళ నాటి కారు ఊళ్ళో నలభై వేగంతో ఆసుపత్రికి పోవడానికి పనికివస్తుంది. లారీల నడుమ జాతీయ రహదారిమీద రాత్రంతా పరుగెత్తడానికి కాదు. శ్రీకాకుళానికి రైలున్నది. రైల్వే కుటుంబానికి ఆ సంగతి ఎవరో చెప్పనక్కరలేదు. రహదారి ప్రయాణమే ముఖ్యమనుకున్నవారు మరికొంత సొమ్ము కూడబెట్టి 2019 తరువాతి కారునే వెతకాలి. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్లమీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గినందువల్ల కొత్తదానికీ పాతదానికీ తేడా కొంత తగ్గింది కూడా.

అవసరం ఊళ్ళోదే అయితే, బేరం కుదిరిన కారుమీద మొత్తం సొమ్ము పెట్టరాదు. లక్షన్నర ఉన్నవాడు లక్షా పాతికవేలకు మించని కారు కొని, మిగిలిన పాతికవేలతో మొదటి నెలలోనే కూలెంటు, ఇంజను ఆయిలు, బ్రేకు ఆయిలు, టైమింగు బెల్టు, ప్లగ్గులు, బ్యాటరీ, పగిలిన గొట్టాలు మార్పించుకోవాలి. ఆనాటి తేదీ, మీటరు అంకె ఒక పుస్తకంలో రాసుకోవాలి. అక్కడినుంచి ఆ కారుకు కొత్త జాతకం మొదలవుతుంది.

ఆ ఫిట్టరుకు ఇది కొత్త విద్య కాదు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు వచ్చే రైలుపెట్టె చెడిపోయినందువల్లనే రాదు. గడువు వచ్చినందువల్ల వస్తుంది. నడుస్తున్న పెట్టెనే విప్పుతారు, అరిగినవి తీస్తారు, కొలుస్తారు, బిగిస్తారు, తేదీ రాసి పంపుతారు. జీవితమంతా ఆ పని చేసిన చేతులు ఇంటిముందరి చిన్న కారు దగ్గరకు వచ్చేసరికి “నడుస్తున్నది కదా, చూద్దాంలే” అనుకుంటే అంతకంటే విచిత్రం ఉండదు. కారుకు వయసు రావడాన్ని ఎవరూ ఆపలేరు. గడువు తప్పకుండా చూసుకున్న పాత కారు, చూసుకోని కొత్త కారుకంటే నమ్మదగినది.

రాత్రి రెండింటికి తల్లి దగ్గు వినిపించినప్పుడు తండ్రి తాళం చెవి తిప్పుతాడు. ఆ క్షణాన ఇంజను పలుకుతుందా లేదా అన్నది ఆ రాత్రి తేలే విషయం కాదు. నెలకిందట ఒక ఆదివారం ఉదయం, బానెట్టు ఎత్తి చూసిన పావుగంటలో అది తేలిపోయి ఉంటుంది.